గెలిచినవాడికే ఎక్కువ పాయింట్లు: ర్యాలీ పెద్దలకు గజపతినగరం నుంచి ఒక బహిరంగ లేఖ

ప్యారిస్‌లో ఉన్న ఎఫ్ఐఏ (ప్రపంచ మోటార్ పందేల సంఘం) వారి ర్యాలీ కమిషన్ పెద్దలకీ, చెన్నైలో ఉన్న మన ఎఫ్ఎంఎస్‌సీఐ (మన దేశపు మోటార్ పందేల సంఘం) పెద్దలకీ,

నమస్కారం.

గజపతినగరంలో హైవే మీద నాకొక టైర్ల షాపు ఉంది. అంతకు ముందు ఇరవై రెండేళ్లు లారీ తోలాను, ఎక్కువగా విశాఖపట్నం, రాయపూర్ లైనులోనే. ఆ రోడ్డుకి అప్పట్లో 43వ నంబరు, ఇప్పుడు 26. సాలూరు దాటి పి.కోనవలస దగ్గర ఘాటీ ఎక్కి, సుంకి మీదుగా కోరాపుట్ వెళ్లే మలుపులు కళ్లు మూసుకుంటే ఇప్పటికీ ఒక్కొక్కటే వస్తాయి. కార్ల పందేల గురించి ఉత్తరం రాయడానికి వీడెవడని మీరు అడుగుతారు. అడగకముందే చెప్పేశాను.

ప్యారిస్‌లో తెలుగు చదివేవాళ్లు ఉంటారని నేననుకోను. చెన్నైలో ఉంటారు. అందుకని రెండు చిరునామాలూ పెట్టాను. వీళ్లు చదివి వాళ్లకి చెబుతారో లేదో గాని, మా జిల్లాల్లో రాత్రిపూట ఫోన్లో ర్యాలీలు చూసే కుర్రాళ్లయితే చదువుతారు. వాళ్లు మీరనుకునేకన్నా ఎక్కువమందే ఉన్నారు.

2027లో కొత్త కార్లు వస్తున్నాయి. గొట్టాలతో కట్టిన చట్రం, సుమారు 300 గుర్రాల బలం, కారు ధర 3,45,000 యూరోలు దాటకూడదని హద్దు. ఆ హద్దు మంచిదే. ఖరీదు తగ్గితే పందెంలోకి దిగేవాళ్లు పెరుగుతారు. దాంతో నాకే గొడవా లేదు. నా గొడవ పాయింట్ల పట్టికతో. కొత్త కార్లు వస్తున్నాయి కదా అని దాన్ని కూడా మళ్లీ విప్పి బిగిస్తారేమోనని నా భయం. విప్పేటట్టయితే ఒక్క నట్టు సరిగ్గా బిగించండి. ఆ పని చేయలేకపోతే దాని జోలికే పోకండి. ఆ నట్టు ఎక్కడుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

మా షాపు వెనక ఒక గోడ ఉంది. 2017 నుంచి ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ లెక్కంతా ఆ గోడ మీదే. సుద్దతో గళ్లు గీస్తాం. ఒక్కో ర్యాలీ అవగానే నా మేనల్లుడు నింపుతాడు. చూసేవాళ్లం నేను, వాడు, ఎదురుగా టీ కొట్టు నడిపే మా బావ, ఆ రోజు టైరు పని మీద ఆగిన డ్రైవర్లు ఎవరుంటే వాళ్లు. మొదట్లో ఆ గోడ మీద గళ్లు నాలుగే ఉండేవి. పేరు, ర్యాలీ పాయింట్లు, పవర్ స్టేజీ (ర్యాలీలో బోనస్ ఇచ్చే ఆఖరి స్టేజీ) పాయింట్లు, మొత్తం.

లారీవాళ్లకి ర్యాలీ తొందరగా ఎక్కుతుంది. ఫార్ములా వన్ చూపిస్తే మా బావ, "గానుగెద్దులాగ తిరిగిందే తిరుగుతున్నారు" అని లేచిపోయాడు. ర్యాలీ చూపిస్తే కదల్లేదు. ఇందులో ఊళ్లుంటాయి, బురద ఉంటుంది, దుమ్ము ఉంటుంది, లోయ ఉంటుంది. పక్క సీట్లో ఒక మనిషి పుస్తకం ఒళ్లో పెట్టుకుని ముందున్న మలుపు ఎంత వంపో, ఎంత దూరంలో ఉందో చదువుతుంటాడు. అచ్చం మన క్లీనరే. సుంకి ఘాటీలో తెల్లవారుజామున మంచు కమ్మేస్తే మా క్లీనరు కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ "రానీ, రానీ, ఎడమ కొయ్యి, ఇంక ఆపు" అనేవాడు. మేం నడక వేగంలో పోయేవాళ్లం. వీళ్లు ఆ మాట విని గంటకి నూరు కిలోమీటర్ల పైన వేగంతో తిప్పుతారు. కళ్లు డ్రైవరువే అయినా సగం చూపు పక్కవాడిది.

రూలు కూడా ఒక్క గ్లాసు టీ అయ్యేలోపు అర్థమైపోయేది. పక్కపక్కన పరిగెత్తరు. ఒకరి తర్వాత ఒకరు బయల్దేరతారు, పోటీ గడియారంతో. టైము లెక్కేసే ఒక్కో రోడ్డు ముక్క ఒక స్టేజీ. ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి వెళ్లేటప్పుడు మామూలు రోడ్డు మీద మామూలు బండిలాగే పోవాలి, పోలీసు ఆపితే ఆగాలి. మూసేసిన రోడ్ల మీద మూడు నాలుగు రోజుల్లో పట్టిన టైమంతా కూడితే ఎవరిది తక్కువో వాడు గెలిచినట్టు. అంతే.

ఇప్పుడు స్వీడన్ సంగతి.

2024 ఫిబ్రవరి. మంచులో ర్యాలీ. లాపి గెలిచాడు, ఎవాన్స్ రెండో స్థానం. మా మేనల్లుడు గోడ దగ్గర నిలబడి ఫోను చూసుకుంటూ లాపి పేరు పక్కన 19 రాశాడు, ఎవాన్స్ పేరు పక్కన 24 రాశాడు. బావ టీ గ్లాసులు పట్టుకొచ్చి గోడ వంక చూసి అన్నాడు: "ఏటి బావా, గెలిసినోడికి పంతొమ్మిది, ఎనకొచ్చినోడికి ఇరవై నాలుగా? మీవోడు తిరగేసి రాసేసినాడు." తిరగేసి రాయలేదని చెప్పాను. నమ్మలేదు. మేనల్లుడు ఫోను చూపించాడు. అప్పుడు బావ నన్నొక చూపు చూశాడు. ఆ రూలు నేనే చేశాననుకోవాలి ఎవరైనా ఆ చూపు చూస్తే.

ఎందుకలా అయిందో ఆ రోజు చెప్పడానికి రెండు టీలు పట్టాయి. 2024లో మీరు ర్యాలీని రెండు ముక్కలు చేశారు. శనివారం రాత్రి దాకా ఉన్న స్థానాలకి 18, 15, 13, 10, అలా పదో స్థానం దాకా. ఆదివారం ఒక్కరోజుకి వేరే పందెం, 7 నుంచి 1 దాకా. చివరి పవర్ స్టేజీకి 5 నుంచి 1. లాపి శనివారానికే చాలా ముందున్నాడు, ఆదివారం బండి జాగ్రత్తగా తెచ్చుకున్నాడు. అంత ముందున్నవాడు చేయాల్సిన పని అదే. చేసినందుకు ఆదివారం ఆయనకి దొరికింది ఒక్క పాయింటు. ఎవాన్స్ శనివారం రాత్రికి మూడో స్థానంలోనే ఉన్నా ఆదివారం గట్టిగా తోలి 7 పట్టాడు, పవర్ స్టేజీలో ఇంకో 4. ర్యాలీ గెలిచిన మనిషి పాయింట్లలో ఓడిపోయాడు.

అదే ఏడాది సార్డీనియా. నేను టైర్లవాణ్ని, ఆ ర్యాలీని చచ్చేదాకా మర్చిపోను. శనివారం రాత్రికి ఓజియే ముందు, తనాక్ వెనక. ఆదివారం ఆఖరి స్టేజీలో ఓజియే టైరులోంచి గాలి పోయింది. తనాక్ 0.2 సెకన్ల తేడాతో గెలిచాడు. ప్రపంచ ర్యాలీ చరిత్రలోనే అంత తక్కువ తేడా ఇంకొక్కసారే, 2011లో జోర్డాన్‌లో. అప్పుడు ఇదే ఓజియే ఇదే 0.2 తేడాతో గెలిచాడు. అప్పుడు వచ్చిందీ ఇప్పుడు పోయిందీ సరిగ్గా ఒకటే. మా షాపు దగ్గర అందరూ కేకలు పెట్టారు. తర్వాత గోడ దగ్గరికి వెళ్లాం. శనివారం గడిలో ఓజియేకి 18, తనాక్‌కి 15. మూడు రోజుల టైములో ఆ 0.2 సెకన్ల కోసం ఒక మనిషి ప్రాణం పెట్టి తోలితే, దానికి మీరిచ్చిన విలువ ఎంత? పెద్ద పాయింట్లన్నీ ముందు రాత్రే పంచేశారు. ఆదివారాన్ని బతికిద్దామని చేసిన రూలు, ఆదివారం మలుపు తిరిగిన పందేన్నే చిన్నది చేసింది.

మీరెందుకు చేశారో నాకు తెలియదనుకోకండి. ఆదివారం చప్పగా ఉంటోందని చేశారు. శనివారానికే నిమిషం పైన తేడా వచ్చేస్తే ముందువాడు తాపీగా వస్తాడు, వెనకవాడు ఉన్న స్థానం నిలుపుకుంటే చాలనుకుంటాడు, మిగిలినవాళ్లు పవర్ స్టేజీ కోసం టైర్లు దాచుకుంటారు. ఒక్కో ర్యాలీకి ఇన్నే టైర్లని లెక్క ఉంది కాబట్టి దాచుకోవడం తప్పు కాదు, తెలివే. టీవీలో చూసేవాడికి మాత్రం అది పందెంలా ఉండదు, కార్లు ఇంటికి పోతున్నట్టుంటుంది. మీ బాధ నిజమే. మందే సరైంది కాదు.

లారీలో ఉన్నప్పుడు ఒక యజమాని దగ్గర ఇదే చూశాను. పేరెందుకు, మంచివాడే. రాయపూర్ నుంచి లోడుతో వచ్చే బళ్లు సాలూరు దిగాక నిదానిస్తున్నాయని ఆయన కనిపెట్టాడు. నిజమే, ఘాటీ దిగేశాక ప్రాణం తెరిపిన పడుతుంది, ఇంక ఇంటికొచ్చేసినట్టే. దానికి ఆయనొక ఉపాయం చేశాడు. సాలూరు నుంచి విశాఖపట్నం దాకా ఎవరు తక్కువ టైములో వస్తే వాళ్లకి బేటా మీద అదనంగా డబ్బులు. మొదటి వారంలోనే మేం దారి కనిపెట్టేశాం. ఘాటీ నిదానంగా దిగడం, సాలూరులో బండి పక్కకి పెట్టడం, స్నానం, భోజనం, ఒక కునుకు, టైర్లలో గాలి చూసుకోవడం, అప్పుడు చీటీ మీద టైము వేయించుకుని దూకడం. చివరి నూరు పైచిలుకు కిలోమీటర్లు రికార్డు. లోడు మాత్రం ఇంతకు ముందుకన్నా మూడు గంటలు ఆలస్యం. రెండు నెలలు చూసి ఆయనే నవ్వి తీసేశాడు. కొలత ఎక్కడ పెడితే తోలేవాడి కాలు అక్కడే నొక్కుతుంది. అందులో మా దొంగబుద్ధి ఏమీ లేదు, కొలత అలా ఉంది.

మీ డ్రైవర్లూ మా డ్రైవర్ల లాంటివాళ్లే. శుక్రవారం చెట్టుకి గుద్దుకుని ఆగిపోయినవాడు బండి బాగుచేయించుకుని మళ్లీ దిగవచ్చని మీ రూలు. అది మంచి రూలే, చూడ్డానికొచ్చినవాళ్లకి కార్లు కనపడాలి. కాని అలా దిగినవాడు శనివారమంతా టైర్లు దాచుకుని, ఆదివారం దుమ్ము రేపితే 2024 లెక్కలో 12 పాయింట్లు పట్టవచ్చు. మూడు రోజులూ ఒళ్లు దగ్గర పెట్టుకుని తోలి శనివారానికి నాలుగో స్థానంలో ఉన్నవాడికి ఆ స్థానానికి వచ్చేది 10.

ఒక్క మాట మీ తరఫున కూడా చెప్పాలి. శనివారం పాయింట్లు చేతికిచ్చినట్టే ఇచ్చి, ఆదివారం గమ్యం చేరకపోతే వెనక్కి తీసుకునేవారు. 2024 నవంబరులో జపాన్‌లో తనాక్ అలాగే పోగొట్టుకున్నాడు. ముందున్నవాడు ఆదివారం పొద్దున్నే రోడ్డు దిగిపోయాడు, 18 పాయింట్లూ పోయాయి. ఆ క్షణంలోనే నూవిల్ ఛాంపియన్ అయ్యాడు. కార్ల కంపెనీలకిచ్చే తయారీదారుల టైటిల్ తనాక్ తోలిన హ్యుందాయ్ చేతిలోంచి జారి 3 పాయింట్ల తేడాతో టయోటాకి పోయింది. మేనల్లుడు అన్యాయం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. లోడు గేటు దాకా చేరకపోతే కిరాయి ఎక్కడిది? ఆ రూలు సరైందే. కాని చూడండి, పని పూర్తయితేనే కూలి అని ఒప్పుకున్నది మీరే. పని మొత్తం ఒకటే అయినప్పుడు కూలి మూడు చోట్ల మూడు రకాలుగా ఎందుకు పంచారు?

మొత్తం అనే మాటకి మా వైపు ఒక బరువుంది. మా జిల్లాలో నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అని ఒక ఊరుంది, వెయిట్‌లిఫ్టర్ల ఊరని పేరు. పక్కన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట, కరణం మల్లీశ్వరి ఊరు. 2000లో సిడ్నీలో ఆమె స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. మొత్తం 240. మన దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి ఆడకూతురు. ముందున్న ఇద్దరూ ఎత్తింది 242.5. ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5 అడిగింది. బంగారం కోసం అడిగింది, లేవలేదు. ఆ రోజు మా వైపు టీవీలున్న ఇళ్లన్నిటి ముందూ జనమే. అందరికీ తెలిసిన లెక్క ఒక్కటే, రెండూ కలిపి ఎంత అని. స్నాచ్ అప్పుడే సగం పతకం ఇచ్చేసి, జెర్క్‌కి వేరే పాయింట్లు వేసి, ఆఖరి ఎత్తుకి ఇంకో రెండు కలిపి ఉంటే కొండవెలగాడలో ఆ ఆటని ఎవడూ పట్టించుకునేవాడు కాదు.

వెయిట్‌లిఫ్టింగ్ ప్రపంచ పోటీల్లో స్నాచ్‌కి విడిగా పతకం ఇస్తారు, జెర్క్‌కీ విడిగా ఇస్తారు. ఇవ్వనీండి. కాని ఆ పతకం తెచ్చి మొత్తం లెక్కలో కలపరు. మీరూ అలా చేయవచ్చు. ఆదివారం బాగా తోలినవాడికి వేరే కప్పు పెట్టండి, ఏడాది చివర ఆదివారపు వీరుడని దండ వేయండి, ఫొటో తీయండి. మా గోడ మీద దానికి వేరే మూల ఇస్తాం. ఛాంపియన్‌షిప్ గడిలోకి మాత్రం దాన్ని తోయకండి.

అలా చేస్తే కంపెనీలు ఊరుకోవు, పాయింట్లుంటేనే డ్రైవరుని నొక్కమంటారు అని మీరంటారు. సరే, ఒప్పుకుందాం. అప్పుడు నేను మొదట్లో చెప్పిన నట్టు దగ్గరికి రండి.

2025లో మీరు సగం దిద్దుకున్నారు. ర్యాలీ మొత్తానికి మళ్లీ 25 పెట్టారు, రెండో స్థానానికి 17, మూడుకి 15. ఆదివారానికి 5 నుంచి 1, పవర్ స్టేజీకి 5 నుంచి 1. గోడ మీద శనివారం గడి పోయి ర్యాలీ గడి మళ్లీ వచ్చింది, మా బావ సంతోషించాడు. నేను మాత్రం సుద్ద తీసుకుని ఒక కూడిక చేశాను. రెండో స్థానంలో వచ్చినవాడు ఆదివారం 5, పవర్ స్టేజీ 5 పట్టాడనుకోండి. 17కి 10 కలిపితే 27. గెలిచినవాడు ఆదివారం బండి కాపాడుకుంటూ వచ్చాడనుకోండి, 25. అంటే మీ పట్టికలో ఇప్పటికీ రెండోవాడు గెలిచినవాణ్ని దాటగలడు. మూడోవాడు కూడా 15కి 10 కలిపి గెలిచినవాడితో సమానం కాగలడు. శుక్రవారమే చెట్టుకి గుద్దుకున్నవాడికి ఆదివారం ఒక్కరోజులో 10 రావచ్చు. మూడు రోజులూ రోడ్డు మీదే నిలిచి ఐదో స్థానంలో వచ్చినవాడి స్థానానికి ఇచ్చేదీ 10.

ఇదివరకు ఇలా లేదు. 2003 నుంచి 2009 దాకా మొదటి మూడు స్థానాలకి 10, 8, 6. 2010లో 25, 18, 15 వచ్చింది. 2011లో పవర్ స్టేజీ తెచ్చి 3, 2, 1 ఇచ్చారు. అప్పుడు రెండోవాడికి ఎంత వచ్చినా 21. 2017లో ఆ బోనస్ 5 చేశారు. అప్పుడూ రెండోవాడికి 23 దాటదు, గెలిచినవాడికి 25 ఖాయం. మీలో ఎవరో అప్పట్లో ఈ కూడిక చేసే ఉంటారు. 2024కి వచ్చేసరికి ఆయన రిటైరైపోయాడేమో.

కాబట్టి నట్టు ఇది. మొదటి స్థానానికీ రెండో స్థానానికీ ఎంత తేడా ఉందో, బోనస్‌లన్నీ కలిపినా దానికన్నా ఒకటైనా తక్కువ ఉండాలి. ఇప్పుడు తేడా 8. పవర్ స్టేజీకి 5 అలాగే ఉంచుకోండి. ఆదివారానికి 2, 1 ఇవ్వండి. రెండోవాడు ఆకాశానికెగిరినా 17, 5, 2 కలిపి 24. గెలిచినవాడు ఆదివారం నిద్రపోతూ వచ్చినా 25. ఈ పని చేయడానికి కొత్త రూలు పుస్తకం అక్కర్లేదు, ఒక గడిలో అంకెలు చెరిపి రాస్తే చాలు. ఆదివారం ఇచ్చేది మరీ తక్కువైపోతుందంటే ఒకటికీ రెండుకీ మధ్య తేడా పెంచండి, 27, 17 చేయండి, అప్పుడు 9 దాకా పంచుకోండి. లెక్క మీ ఇష్టం, హద్దు దాటకపోతే చాలు.

ఒకటి రెండు పాయింట్లే కదా అనకండి. 2003లో ఏడాది మొత్తం లెక్కలో సోల్బెర్గ్ 72, లోబ్ 71. ఒక్క పాయింటు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు వరసగా లోబే గెలిచాడు, అది వేరే సంగతి. 2025లో ఓజియే తొమ్మిదో టైటిల్ తెచ్చుకుని లోబ్ సరసన చేరింది ఎవాన్స్ మీద 4 పాయింట్ల తేడాతో. ఓజియే ఆరు ర్యాలీలు గెలిచాడు, ఎవాన్స్ రెండు. మా షాపు దగ్గర దీని మీద వారం రోజులు తగువు నడిచింది. ఆరు గెలిచినవాడికి తేడా నాలుగేనా అని మేనల్లుడు. ఓజియే మూడు ర్యాలీలకి రానే లేదు, ఎవాన్స్ పద్నాలుగింటికీ వచ్చాడు, రోజూ డ్యూటీకి వచ్చేవాడికి ఆ మాత్రం దక్కాలి అని నేను. ఇద్దరిదీ న్యాయమే. ఇలాంటి తగువు మంచి తగువు. ఎవరు గొప్పో మాట్లాడుకుంటున్నాం. స్వీడన్ రోజు మాట్లాడుకున్నది పట్టిక గురించి. ఆ రోజు లాపి ఎలా తోలాడో ఎవడూ మాట్లాడలేదు.

రోడ్డు చేసే అన్యాయం మేం భరిస్తాం. ఛాంపియన్‌షిప్‌లో ముందున్నవాడు శుక్రవారం అందరికన్నా ముందు బయల్దేరాలని మీ రూలు. మట్టి రోడ్డు మీద పైనున్న గుల్ల రాయీ దుమ్మూ ఊడ్చేది వాడే, వెనకొచ్చేవాళ్లకి గట్టి నేల దొరుకుతుంది. సంక్రాంతికి మా పల్లెల్లో ఎడ్ల పరుగు పెడితే ముందు వెళ్లే జతకీ ఇదే బాధ. దాని మీద ఎవడూ ప్యారిస్‌కి ఉత్తరం రాయడు. అది నేల గుణం, ఎవరో ఒకరు ముందు వెళ్లాలి. మీ పట్టిక నేలలోంచి మొలవలేదు. బల్ల దగ్గర కూర్చుని రాసింది, బల్ల దగ్గర కూర్చుని దిద్దవచ్చు.

ఇంకొకటి, మాటిమాటికీ మార్చకండి. 2024లో ఒకటి, 2025లో ఒకటి. రెండు రకాల అంకెలు పక్కపక్కన పెట్టి పాత డ్రైవరు గొప్పా కొత్త డ్రైవరు గొప్పా అని ఎలా చెప్పుకోవాలి? కొత్త కార్ల రూలుకి ఎన్నేళ్లు గడువు పెట్టారో పాయింట్ల పట్టికకీ అన్నేళ్లు పెట్టండి.

చెన్నై పెద్దలకి రెండు మాటలు. మన జాతీయ ర్యాలీ ఛాంపియన్‌షిప్ 1988 నుంచి నడుస్తోంది. 2019లో ర్యాలీ డ్రైవరు గౌరవ్ గిల్‌కి అర్జున అవార్డు వచ్చింది, మోటార్ స్పోర్ట్‌కి మొదటిది. అయినా మా జిల్లాల్లో కుర్రాళ్లకి స్వీడన్ మంచు తెలుసు గాని మన దేశంలో ర్యాలీ ఎక్కడ జరుగుతుందో తెలీదు. ప్యారిస్ వాళ్లు ఏది మారిస్తే అది మీరు ఎత్తుకొచ్చి అంటించకండి. మన పట్టిక బావకి ఒక్క టీలో అర్థమయ్యేలా ఉంచండి. తెలుగులో, తమిళంలో, కన్నడంలో, హిందీలో వేయండి. పాయింట్లకన్నా ముందు వేయాల్సింది ఇంకొకటుంది, రోడ్డు మూసిన నోటీసు. 2019 సెప్టెంబరులో రాజస్థాన్‌లో జాతీయ ర్యాలీ జరుగుతుండగా మోటారు సైకిలు మీద స్టేజీలోకి వచ్చిన ఒకే కుటుంబం వాళ్లు ముగ్గురు చనిపోయారు. ఎవరి తప్పని నేను తీర్పు చెప్పను. రేపు మా ఘాటీ రోడ్లలో ఎప్పుడైనా ర్యాలీ పెడితే వారం ముందు నుంచి సంతలో టముకు వేయించండి, అడవి బిడ్డల మాటలో కూడా చెప్పించండి. ఆ ఘాటీ కింద ఊళ్లలో నాకు తెలిసినవాళ్లున్నారు.

ప్యారిస్ పెద్దలకి మళ్లీ ఒకసారి. మా గోడకి ఈ పదేళ్లలో సుద్ద పేరుకుపోయి తడిగుడ్డ పెట్టినా అంకెలు పోవడం లేదు. స్వీడన్ నాటి 19, 24 ఇప్పటికీ లీలగా కనపడుతున్నాయి. 2027 సీజన్ మొదలయ్యేలోపు సున్నం వేయిద్దామనుకుంటున్నాను. మా బావ తమ్ముడు గళ్లకి నల్ల పెయింటు వేస్తానన్నాడు, ఒకసారి వేస్తే చెరపడం కుదరదు. ఎన్ని గళ్లు గీయాలో కాస్త ముందుగా చెప్పండి.

ఇట్లు,
టైర్ల షాపు యజమాని, పాత లారీ డ్రైవరు
గజపతినగరం, విజయనగరం జిల్లా